వడ్ల కొనుగోలు కేంద్రంల పని ఒత్తిడి: తమ్మునికి సమాధానం

తమ్మీ, మిర్యాలగూడ దిక్కు వడ్ల కొనుగోలు కేంద్రంల ట్యాబ్‌ల రైతుల వివరాలు ఎంట్రీ చేస్తున్న, పొద్దంతా రైతులు మీదికొస్తున్నరు, రాత్రి పదింటిదాకా ఇల్లు చేరుతలేనని రాసినవ్ గదా. యాసంగి సీజన్‌ల పని అట్లనే ఉంటది, కానీ ఒత్తిడి చాన తగ్గించుకోవచ్చు.

ముందుగాల రైతుల వంతుల సీరియల్ పెద్ద అక్షరాలతోని రాసి గోడకు అంటియ్యి. "నా వంతెప్పుడు" అని అడిగేటోళ్లు సగం తగ్గుతరు. తేమ చూసినప్పుడు వచ్చిన శాతం రైతు ముందటనే రాయి. 17 దాటితే ఇంకా ఎండబోయమని అప్పుడే చెప్పు. కాంటా కాడికొచ్చినంక చెప్తే లొల్లయితది, వాళ్ల బాధ గూడ న్యాయమే. పాస్‌బుక్, ఆధార్, బ్యాంకు జిరాక్సులు వంతు రాకముందే తీసుకో. ఖాతా నంబర్ మాత్రం ఎంత తొందరున్నా రైతుకు ఒకసారి చదివి వినిపించు. ఒక్క అంకె తప్పితే పైసలు ఆగుతయ్, ఆ ఇల్లంత ఆగమైతది.

లారీ రాకపోవుడు, మిల్లుల దించుకోకపోవుడు నీ చేతిల లేదు. దానికి సెంటర్ ఇన్‌చార్జినే జవాబు చెప్పనియ్యి. మధ్యాహ్నం ఇంకొకరిని ట్యాబ్ కాడ కూసోబెట్టి తిని రా. ఎండకు, ఖాళీ కడుపుకు ఎంట్రీలు తప్పుపోతయ్.