డిస్క్‌వరల్డ్ ఎక్కడ మొదలుపెట్టాలని అడిగే ముందు, మీరేం పని చేస్తారో చెప్పండి

ప్రశ్న ఇదీ: "టెర్రీ ప్రాచెట్ రాసిన డిస్క్‌వరల్డ్ చదవాలని ఉంది. మొత్తం 41 నవలలట. ఒకటో నంబరు నుంచి వరసగా చదవాలా, మధ్యలో ఎక్కడైనా మొదలుపెట్టొచ్చా?"

మధ్యలోనే మొదలుపెట్టండి. ఒకటో నంబరు జోలికి ఇప్పుడే వెళ్ళకండి. చేతులు కాల్చుకున్నదాన్ని కాబట్టి చెబుతున్నాను.

చాలా ఏళ్ళ క్రితం ఒక ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో "ద కలర్ ఆఫ్ మ్యాజిక్" దొరికింది. 1983లో వచ్చింది, ఈ సిరీస్‌లో మొదటిది. నాది బ్యాంకు ఉద్యోగం. వోచర్లు కూడా నంబరు వరసలో లేకపోతే నిద్ర పట్టదు. అలాంటిదానికి సరిగ్గా ఒకటో నంబరే దొరికిందని ఎంత సంబరమో. రిన్స్‌విండ్ అని మంత్రాలు రాని మాంత్రికుడు, టూఫ్లవర్ అని అమాయకపు టూరిస్టు, ఆ టూరిస్టు వెనకాల బోలెడు కాళ్ళతో పరిగెత్తే చెక్క పెట్టె. వినడానికి బాగానే ఉంది కదా? కానీ అందులో సగం జోకులు ఆ కాలపు కత్తులూ మంత్రాలూ ఉన్న ఇంగ్లిషు నవలల మీద. అవేవీ నేను చదవలేదు. తెలియని ఊళ్ళో పెళ్ళికెళ్ళి వియ్యాలవారి వేళాకోళాలు విన్నట్టుంది. అందరూ నవ్వుతున్నారు కదాని నేనూ పళ్ళికిలించాను. సగం దాటకుండానే బస్సు టికెట్టు అడ్డం పెట్టి మూసేశాను. ఆ టికెట్టు ఇంకా అక్కడే ఉంది. చివరిదాకా ఓపిక పట్టినవాళ్ళకైనా మిగిలేదేమిటి? కథ ప్రపంచం అంచు మీద వేలాడుతూ ఆగిపోతుంది. మిగతాది తెలియాలంటే 1986లో వచ్చిన రెండోది కొనాలి.

"మొదటి రెండు మూడు ఓపిక పట్టండి, తర్వాత అద్భుతంగా ఉంటుంది" అనేవాళ్ళు ఇక్కడ కూడా తప్పకుండా వస్తారు. మూడు పూటలు మాడిన పప్పు తిను, నాలుగో పూట పులిహోర పెడతానంటే ఎవరింటికైనా భోజనానికి వెళ్తామా? ఇంకో రకం వాళ్ళు రీడింగ్ ఆర్డర్ చార్టు పెడతారు. ఎర్ర గీతలు, నీలం గీతలు, చుక్కల గీతలు. విజయవాడ జంక్షన్ సిగ్నల్ క్యాబిన్‌లో ఉండాల్సిన బొమ్మ అది. అది చూసి భయపడి చదవడమే మానేసినవాళ్ళు నాకు తెలుసు. సరే, ఒకరు తెలుసు.

నా సిద్ధాంతం చాలా సింపుల్. డిస్క్‌వరల్డ్ మంత్రాల కథ కాదు, ఉద్యోగాల కథ. పోలీసులు, పోస్టాఫీసు వాళ్ళు, పత్రికల వాళ్ళు, పురుళ్ళు పోసే ఊరి మంత్రసానులు, ఆఖరికి ప్రాణాలు తీసుకెళ్ళే మృత్యువుది కూడా డ్యూటీయే. ప్రాచెట్ 17 ఏళ్ళకే చదువు ఆపి లోకల్ పత్రికలో చేరాడు. 1980 నుంచి 1987 దాకా కరెంటు బోర్డులో ప్రెస్ ఆఫీసరు, అదీ అణు విద్యుత్ కేంద్రాల తరఫున. "కంగారు పడాల్సిందేమీ లేదు" అని రోజూ విలేకరులకి చెప్పే పని చేసినవాడికి ఆఫీసులంటే ఏమిటో ఒకరు చెప్పాలా? కాబట్టి మీకు బాగా తెలిసిన పని ఏ పుస్తకంలో ఉందో ఆ తలుపు తీసుకుని లోపలికి వెళ్ళండి.

ఈ సంగతి నాకు మా నాన్న వల్ల తెలిసింది.

నాన్న పోస్టల్ డిపార్ట్‌మెంట్. 2013లో సబ్ పోస్ట్‌మాస్టర్‌గా రిటైరయ్యాడు. మన దేశంలో టెలిగ్రాం ఆగిపోయింది కూడా ఆ ఏడాది జులైలోనే. "నేనూ అదీ ఒకేసారి దిగిపోయాం" అంటుంటాడు. రెండేళ్ళ కిందట రెండు కళ్ళకీ శుక్లాల ఆపరేషన్ చేయించాం. కొత్త అద్దాలు వచ్చేదాకా పేపరు చదవలేడు, టీవీ అంటే మొదటి నుంచీ పడదు. పొద్దస్తమానం చుక్కల మందు టైమెప్పుడని అడగడం తప్ప పని లేదు. రెండో రోజుకే అమ్మ నాకు ఫోన్ చేసి "మీ నాన్నని నువ్వైనా తీసుకెళ్ళు, లేకపోతే నేనైనా ఎటైనా పోతాను" అంది.

సరే, మా ఇంటికి తీసుకొచ్చాను. రాత్రి భోజనాలయ్యాక ఏదైనా చదివి వినిపిద్దామని అలమార వెతికితే "గోయింగ్ పోస్టల్" కనబడింది. ఎవరో సహోద్యోగి బదిలీ మీద వెళ్తూ నా బల్ల మీద వదిలేసిన కాపీ. నేనూ అప్పటికి చదవలేదు. పేరులో పోస్టల్ ఉందని తీశాను, అంతకంటే ఆలోచించలేదు. 2004లో వచ్చింది, వరసలో 33వది. ఒక్క పేరా ఇంగ్లిషులో చదువుకోవడం, తెలుగులో చెప్పడం.

ముందు ప్రపంచం సంగతి చెప్పాలి కదా. అంతరిక్షంలో ఈదే పెద్ద తాబేలు, దాని వీపు మీద నాలుగు ఏనుగులు, వాటి మీద పళ్ళెంలాంటి భూమి. ఇంగ్లిషువాళ్ళకి వింతేమో గాని ఆదికూర్మమూ అష్టదిగ్గజాలూ తెలిసిన నాన్నకి వింత కాదు. ఆయన సందేహం వేరు. "మనకి ఎనిమిది కదమ్మా, వాళ్ళకి నాలుగేనా? మిగతా పోస్టులు భర్తీ చెయ్యలేదా?" ఐదోది ఒకటి ఉండేదట, జారి పడిపోయిందట అని చెబితే "అదీ సంగతి, వేకెన్సీ" అన్నాడు.

కథేమిటంటే, మోయిస్ట్ వాన్ లిప్‌విగ్ అనే మోసగాణ్ణి ఉరి తీస్తారు. పూర్తిగా కాదు, చావు అంచుదాకా. కళ్ళు తెరిస్తే నగర పాలకుడు వెటినారి ఎదురుగా కూర్చుని ఉంటాడు. మూతబడ్డ పోస్టాఫీసుని మళ్ళీ నడిపించు, ఇష్టం లేకపోతే అదిగో ఆ తలుపు తీసుకుని వెళ్ళిపోవచ్చు అంటాడు. తలుపు అవతల నేల ఉండదు. వెళ్ళి చూస్తే పోస్టాఫీసు నిండా బట్వాడా కాని ఉత్తరాలు, గదులకి గదులు, పైకప్పు దాకా. స్టాఫ్ ఇద్దరే. గుండుసూదులు పోగుచేసే స్టాన్లీ అనే కుర్రాడు, గ్రోట్ అనే ముసలాయన. ఆ ముసలాయన హోదా ఇంకా జూనియర్ పోస్ట్‌మాన్.

అక్కడ నాన్న నవ్విన నవ్వుకి కుట్లు ఊడతాయేమోనని భయపడ్డాను (ఈ ఆపరేషన్‌కి కుట్లు ఉండవని తర్వాత తెలిసింది). "ఆ వయసులో జూనియరా! ప్రమోషన్ ఇచ్చేవాళ్ళందరూ పోయుంటారు. ప్రమోషన్ల కమిటీ కూర్చోందే ఎట్లా వస్తుంది?" నేను ఆ జోకుని జోకులా చదివాను. ఆయన దాన్ని సర్వీసు రికార్డులా విన్నాడు.

ఆ భవనం మీద ఒక నినాదం ఉంటుంది, వానా మంచూ ఏదీ మా పనిని ఆపలేవని. మధ్యలో కొన్ని అక్షరాలు ఎవరో పీక్కుపోయారు. ఎదురుగా మంగలి షాపు బోర్డు చూస్తే ఎక్కడికి పోయాయో తెలుస్తుంది. ఇది తెలుగులో ఎలా చెప్పాలో తోచక "తపాలా కార్యాలయం" బోర్డులో 'త' ఊడిపోయిందనుకో నాన్నా అన్నాను. "పాలా కార్యాలయం" అని ఆయనే పూర్తిచేసి, పక్కన టీ కొట్టు పెట్టించాడు.

అన్నీ ఒప్పుకున్నాడని కాదు. మోయిస్ట్ అక్కడ మొదటిసారి స్టాంపులు పుట్టిస్తాడు. నాన్న ఆపమన్నాడు. "స్టాంపు సరే, దాని మీద ముద్ర కొట్టేదెవరు? కొట్టకపోతే నీళ్ళలో నానబెట్టి ఊడదీసి మళ్ళీ అంటిస్తారు. జనం సంగతి ఆయనకి తెలీదు." దొంగ సంతకాలతో బతికిన మోసగాడే పోస్ట్‌మాస్టర్ అని గుర్తుచేస్తే "అయితే తెలిసే వదిలేశాడన్నమాట" అన్నాడు.

నాలుగో రాత్రో ఐదో రాత్రో అంఘమరాద్ వచ్చాడు. వాడు మట్టిమనిషి, గోలెం అంటారు. వయసు దాదాపు 19 వేల ఏళ్ళు. ఒకప్పుడు ఒక రాజుకి వార్త మోసుకెళ్ళే పని వాడిది. అందించేలోపే ఆ నగరం సముద్రంలో మునిగిపోయింది. వార్త ఇంకా వాడి చేతికే ఉంటుంది. కాలచక్రం పూర్తిగా తిరుగుతుంది, ఆ నగరం మళ్ళీ వస్తుంది, ఈసారి సమయానికి అందిస్తాను అని ఎదురుచూస్తుంటాడు.

పుస్తకంలో ఇది నాలుగు మాటల్లో అయిపోతుంది. నేను పేజీ తిప్పబోతుంటే నాన్న "ఆగమ్మా" అన్నాడు.

1977 నవంబరు 19 ఉప్పెన వచ్చినప్పుడు ఆయన కొత్తగా ఉద్యోగంలో చేరి దివిసీమలో పనిచేస్తున్నాడు. ఆ మాట మాకు తెలుసు గాని ఎప్పుడడిగినా నీళ్ళొచ్చాయి, పోయాయి అన్నట్టు మాట్లాడేవాడు. ఆ రాత్రి కళ్ళకి పచ్చ గుడ్డ అడ్డం పెట్టుకుని చెప్పాడు. ఉప్పెన పోయాక టపా మళ్ళీ రావడం మొదలైందట. పేర్లు ఉన్నాయి, ఊళ్ళు ఉన్నాయి, మనుషులు లేరు. మనియార్డర్లు, పెళ్ళి శుభలేఖలు, బొంబాయిలో ఉన్న కొడుకు రాసిన కార్డు. ప్రతిదాని మీదా కారణం రాసి వెనక్కి పంపాలి. మనిషి పోయాడంటే "డిసీజ్డ్" అని రాయాలి. అసలు పోయాడో ఎక్కడైనా బతికున్నాడో చెప్పడానికి పక్కింటివాళ్ళు కూడా ఉంటేగా. "ఆ స్పెల్లింగ్ నాకు అప్పుడే వచ్చింది. కొన్ని కార్డుల మీద రాయలేక 'తెలియదు' అని రాశాను. రూల్ ప్రకారం తప్పే." కాసేపాగి "ఆ మట్టోడి దగ్గర ఆ ఉత్తరం ఇంకా ఉందా?" అని అడిగాడు. ఉంది నాన్నా అన్నాను. "సరే, చదువు."

ఇప్పుడు చెప్పండి, ఆయనకి నేను చార్టు ముందేసి 32 పుస్తకాల తర్వాత రమ్మని చెప్పాల్సిందా?

ఇక మీ విషయం. పోలీసు, హోంగార్డు, సెక్యూరిటీ, ఏదైనా రాత్రి డ్యూటీ వాళ్ళయితే "గార్డ్స్! గార్డ్స్!" (1989). తాగుబోతు కెప్టెన్ వైమ్స్, ఎవరూ లెక్కచెయ్యని ముగ్గురు కాపలావాళ్ళు, ఊరి మీద పడ్డ ఒక డ్రాగన్. ఏ పనో చెప్పకుండా అడిగేవాళ్ళకి కూడా నేను ఇదే ఇస్తాను. దాని తర్వాత "మెన్ ఎట్ ఆర్మ్స్"లో వైమ్స్ బూట్ల లెక్క ఒకటి వస్తుంది. 50 డాలర్ల మంచి బూట్లు పదేళ్ళు మన్నుతాయి. కొనలేనివాడు పది డాలర్ల అట్ట బూట్లు మళ్ళీ మళ్ళీ కొంటూ అదే పదేళ్ళలో వంద ఖర్చుపెడతాడు, అయినా కాళ్ళు తడుస్తూనే ఉంటాయి. బ్యాంకులో లోన్ల సీటులో కూర్చుని రోజూ చూసేదాన్ని ఒక్క పేరాలో చెప్పేశాడు. మా ట్రైనింగుల్లో రెండు రోజులు స్లైడ్లు వేసినా ఎవరూ చెప్పరు.

పత్రికల వాళ్ళకి "ద ట్రూత్". ఫ్లాష్ వెలిగితే బూడిదైపోయే రక్తపిశాచి అందులో ఫొటోగ్రాఫరు. నర్సులకి, ఏఎన్ఎంలకి, ఊరందరి బాధలూ వినే అత్తయ్యలకి "విర్డ్ సిస్టర్స్". బడి పిల్లలున్న ఇంట్లో అయితే "ద వీ ఫ్రీ మెన్". గుడి రాజకీయాలు దగ్గర్నుంచి చూసినవాళ్ళకి "స్మాల్ గాడ్స్", నిజంగా నమ్మే భక్తుడు ఒక్కడే మిగలడంతో తాబేలైపోయిన దేవుడి కథ. అది విడిగా నిలబడుతుంది, ముందూ వెనకా ఏమీ అక్కర్లేదు. కొత్తగా ఉద్యోగంలో చేరి ఏం చెయ్యాలో తెలియని కుర్రాళ్ళకి "మోర్ట్", మృత్యువు దగ్గర అప్రెంటిస్‌గా చేరిన అబ్బాయి. చివర్లో వచ్చినవాటితో మాత్రం మొదలుపెట్టకండి. 2007లో ఆయన తనకి అల్జీమర్స్ అని ప్రకటించాడు. ఆ తర్వాత కూడా రాశాడు, కానీ అవి పాత స్నేహితులు చదవాల్సినవి.

భాష గురించి భయం వద్దు. శ్లేషలు కొన్ని అర్థం కావు. వదిలేయండి, పేజీకి ఇంకో మూడుంటాయి. ఫుట్‌నోట్లు మాత్రం వదలకండి, సగం నవ్వు అక్కడే ఉంది. ఫోన్‌లో చదివితే ఆ చుక్క మీద వేలు పెట్టగానే ఎక్కడికో ఎగిరిపోతుంది, మళ్ళీ వెనక్కి రాదు. కాగితం పుస్తకమే కొనుక్కోండి. ఇంకో చిక్కు, మృత్యువు మాటలన్నీ పెద్ద అక్షరాల్లో ఉంటాయి. మనకి పెద్ద అక్షరాలు లేవు కదా, చదివి వినిపించేటప్పుడు నేను గొంతు తగ్గించి మా బ్రాంచి ఆడిటర్‌లా మాట్లాడాను. సరిపోయింది.

నాన్నకి అద్దాలు వచ్చాక నా వృత్తికి తగ్గట్టు బ్యాంకు కథ "మేకింగ్ మనీ" చదువుదామన్నాను. "బ్యాంకు గొడవ నాకెందుకు, పోలీసులది తియ్యి" అన్నాడు. ఇప్పుడు సొంతంగా చదువుకుంటున్నాడు, రోజుకి నాలుగు పేజీలు.

"గోయింగ్ పోస్టల్" మాత్రం అడక్కండి, నా దగ్గర లేదు. అందులో క్లాక్స్ అని మన టెలిగ్రాం లాంటిది ఒకటుంది, టవర్ల మీద నుంచి దీపాలు ఆడించి వార్తలు పంపుతారు. పని చేస్తూ చనిపోయిన ఆపరేటర్ల పేర్లని ఆ లైన్ మీద అటూ ఇటూ తిప్పుతూనే ఉంటారు, చివర్న తిప్పి మళ్ళీ పంపు అనే గుర్తుతో. 2015 మార్చిలో ప్రాచెట్ పోయినప్పుడు అభిమానులు తమ వెబ్‌సైట్ల కోడ్‌లో, పైకి కనబడని చోట, ఆయన పేరు అలాగే పెట్టి తిప్పడం మొదలుపెట్టారు. ఇది నేను చెప్పీ చెప్పకముందే నాన్న ఆ పుస్తకం తీసుకెళ్ళి టెలిగ్రాఫ్‌లో పనిచేసిన తన స్నేహితుడికి ఇచ్చేశాడు. ఏడు నెలలైంది. ఎప్పుడడిగినా ఒకటే జవాబు: "టవర్ల దాకా వచ్చాడటమ్మా, తొందరపెట్టకు."