ఊక మిల్లు లెక్క బొగ్గు మిల్లును ఎందుకు మించింది?

మీరు జిల్లాలవారీగా వేసిన బియ్యం మిల్లుల ఉద్గారాల (గాలిలోకి వదిలే గ్రీన్‌హౌస్ వాయువుల) లెక్క గురించి అడిగారు. ఊక కాల్చగా వచ్చిన కార్బన్ డయాక్సైడ్‌ను మీరు మొత్తంలో కలిపేసినట్లున్నారు. ఊక కాల్చే మిర్యాలగూడ ఉప్పుడు బియ్యం మిల్లులకు బొగ్గు మిల్లులకన్నా ఉద్గారాలు ఎక్కువ రావడం అందుకే. ఐపీసీసీ (వాతావరణ మార్పులపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం) 2006 మార్గదర్శకాల్లో ఇంధనం ఇచ్చే ప్రతి టెరాజౌల్‌కు (వేడికి కొలమానం; వెయ్యి గిగాజౌళ్లు) ఊక వంటి ఘన జీవ ఇంధనానికి 100 టన్నుల కార్బన్ డయాక్సైడ్, బిటుమినస్ బొగ్గుకు 94.6 టన్నులు. కలిపితే ఊకే ఓడుతుంది మరి!

1. ఆ కార్బన్ డయాక్సైడ్‌ను మొత్తంలోంచి తీసి, విడిగా ఒక వరుసలో చూపండి. అది పైరు పెరిగేటప్పుడు గాలిలోంచి తీసుకున్నదే.

2. చాలామంది ఇక్కడే ఆగి ఊకకు సున్నా వేసేస్తారు. అదీ తప్పే. మీథేన్, నైట్రస్ ఆక్సైడ్ మొత్తంలో ఉండాల్సిందే: టెరాజౌల్‌కు వరుసగా 30 కిలోలు, 4 కిలోలు. టన్ను ఊకకు 11.6 గిగాజౌళ్ల చొప్పున, 28, 265 గుణకాలతో (కార్బన్ డయాక్సైడ్ కన్నా ఇవి ఎన్ని రెట్లు వేడెక్కిస్తాయో చెప్పే అంకెలు) లెక్కిస్తే కార్బన్ డయాక్సైడ్‌కు సమానంగా సుమారు 22 కిలోలు వస్తుంది. మీరు కలిపింది 1,160 కిలోలు.

3. కరెంటుకు రాష్ట్రానికో గుణకం (యూనిట్ కరెంటుకు ఎంత ఉద్గారం అన్న అంకె) వద్దు. 2013 డిసెంబరు 31న దక్షిణాది విద్యుత్ గ్రిడ్ మిగతా దేశపు గ్రిడ్‌తో కలిసింది. అందుకే కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ దేశమంతటికీ ఇచ్చే సగటునే వాడండి.

4. జిల్లాలను పోల్చేటప్పుడు టన్ను ధాన్యానికి ఎంత అన్నదే చూడండి.