ఆట అయ్యాక ఫోను లెక్క తప్పితే?

ప్రశ్న: ఈ మధ్యే ఫోన్‌లో గో (నల్ల, తెల్ల రాళ్లతో బోర్డు మీద చోటు చుట్టుకునే ఆట) నేర్చుకుంటున్నాను. మొన్న 9 గీతల చిన్న బోర్డు మీద ఆడాను, నావి నల్లరాళ్లు. మూలన నాలుగు తెల్లరాళ్లను చుట్టుముట్టేశాను. ఇక వాటికి దారి లేదని ఇద్దరం పాస్ అన్నాం. తీరా చూస్తే యాప్ అవి బతికే ఉన్నాయని లెక్కేసి నన్ను ఓడించింది! చచ్చిన రాయిని కంప్యూటర్ ఎలా గుర్తుపడుతుంది?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: మీ బాధ న్యాయమైనదే. చదరంగంలో రాజు చిక్కితే ఆట అయిపోయినట్టే, చూసినవాళ్లందరికీ తెలుస్తుంది. గోలో అలా కాదు. పులిజూదంలోలాగే గీతలు కలిసేచోట రాళ్లు పెడతారు, ఇద్దరూ వరసగా పాస్ అంటే ఆట ముగుస్తుంది, కానీ చావు ఖాయమైన రాళ్లు ఇంకా బోర్డు మీదే ఉంటాయి. ఏవి చచ్చాయో ఆడినవాళ్లే ఒప్పుకుని తీసేస్తారు. అనుభవం ఉన్నవాళ్లకి అది ఒక్క చూపులో తెలిసిపోతుంది, ప్రోగ్రాముకి మాత్రం అసలు చిక్కంతా ఇక్కడే.

ఒక పాత పద్ధతి ఏమిటంటే, మీరు ఆపిన చోటి నుంచి కంప్యూటర్ రెండువైపులా తనే తోచినట్టు రాళ్లు పెట్టుకుంటూ చివరిదాకా ఆడేస్తుంది, అలా కొన్ని వందలసార్లు ఆడి ఏ చోటు ఎక్కువసార్లు ఎవరి చేతికి వచ్చిందో చూస్తుంది. వందలో తొంభైసార్లు ఆ తెల్లరాళ్లు పోతే చచ్చినట్టే లెక్క. మీ గోడలో ఎక్కడైనా ఒక్క సందు మిగిలి ఉంటే మాత్రం ఆ ఆటల్లో తెలుపు అందులోంచి బయటపడిపోతుంది, మీ విషయంలో ఇదే జరిగి ఉంటుందని నా అనుమానం. ఎవరు ముందు కదిలితే వాళ్లే నష్టపోయే చోట్లు కూడా ఉంటాయి, జపాన్‌వాళ్లు సెకి అంటారు. మనిషి అక్కడ చెయ్యి పెట్టడు, తోచినట్టు ఆడే కంప్యూటర్ పెట్టేస్తుంది, లెక్క చెడుతుంది.

1976లో బెన్సన్ అనే పరిశోధకుడు చూపించిన పద్ధతిలో తప్పుకు తావే లేదు. ఆ రాళ్లవాళ్లు ఇక ఒక్క రాయి కూడా పెట్టకపోయినా బతికే రాళ్ల గుంపులను అది కచ్చితంగా తేలుస్తుంది. కాకపోతే మనం అంతదాకా ఆడం, ముందే ఆపేస్తాం కాబట్టి చాలా గుంపుల గురించి అది ఏమీ చెప్పలేదు. కటాగో లాంటి ఇప్పటి ప్రోగ్రాములు బోర్డు మీద ప్రతి చోటు ఎవరికి దక్కుతుందో విడివిడిగా అంచనా కడతాయి, అవి చాలా నయం.

ఈసారి పాస్ అనేముందు యాప్‌లో ఏ లెక్క ఉందో చూడండి. చైనా పద్ధతైతే రాళ్లూ, చుట్టిన ఖాళీ చోట్లూ కలిపి లెక్కిస్తారు, అంచేత మీ చోటులో మీరే రాయి పెట్టినా నష్టం లేదు, నిశ్చింతగా ఆ నాలుగింటినీ పట్టేసి అప్పుడు పాస్ అనండి. జపాన్ పద్ధతిలో ఖాళీ చోట్లూ, పట్టిన రాళ్లే లెక్క, అవతలివాళ్లు పాస్ అంటుంటే మీరు లోపల పెట్టే ప్రతి రాయికీ ఒక పాయింటు పోతుంది. అక్కడ సందులు మాత్రం మూసి, చచ్చిన రాళ్ల మీద నొక్కి గుర్తు పెట్టే వీలుంటే పెట్టండి.