మెట్రోది వంతెనా, సేతువా?

సందేహం: హైదరాబాద్‌లో మెట్రో రైలు నడిచే ఎత్తైన కట్టడాన్ని ఒక వార్తలో ‘వంతెన’ అనీ, మరొకదానిలో ‘సేతువు’ అనీ, ఇంకోచోట ‘ఆకాశమార్గం’ అనీ చదివాను. కింద నీళ్లు లేనప్పుడు ఇవి చెల్లుతాయా? – ఒక పాఠకుడు, వరంగల్

సమాధానం: ఆకాశమార్గాన్ని విమానాలకు వదిలేద్దాం. వంతెన కింద నీరుండి తీరాలన్న నియమమేమీ లేదు. రైలు పట్టాల మీదుగా కట్టినదాన్నీ వంతెనే అంటున్నాం. నీళ్లే కావాలంటే, ఎంజీబీఎస్ బస్టాండు దగ్గర ఇదే మెట్రో మూసీని దాటుతుంది.

అసలు చిక్కు సేతువుతోనే. సంస్కృత నిఘంటువు అమరకోశం ‘సేతురాలౌ స్త్రియాం పుమాన్’ అంది, అంటే సేతువూ ఆలీ ఒకటే. సంస్కృతంలో ఆలి అంటే గట్టు. పొలం గట్టూ చెరువు కట్టా సేతువులే. వానరులు సముద్రం మీద కట్టిందీ బండలూ చెట్లూ పడవేసి పూడ్చినదే కాని స్తంభాలెత్తి నిలిపింది కాదు. ఛాందోగ్యోపనిషత్తు ఇంకా ముందుకు వెళ్లింది: ‘స సేతుర్విధృతిరేషాం లోకానామసంభేదాయ’. లోకాలు కలగలిసిపోకుండా నిలిపి ఉంచే సేతువట ఆత్మ! అక్కడ సేతువు పని కలపడం కాదు, వేరుగా నిలపడం. సభల్లో ‘స్నేహసేతువు’ అంటూ ఊదరగొట్టేవారు ఒకసారి ఆ వాక్యం చదివితే బాగుండును. కింద బస్సులనూ ఆటోలనూ ఇష్టం వచ్చినట్టు పోనిచ్చే మెట్రో కట్టడం గట్టు ఎలా అవుతుంది?

అయితే ధాతువు, అంటే మాటకు మూలమైన క్రియ, చూస్తే నా మాట నాకే అడ్డొస్తోంది. ‘షిఞ్ బంధనే’ (షిఞ్ అంటే కట్టడం, బంధించడం), దానిమీద తున్ ప్రత్యయం: సేతువంటే బంధించేది. మెట్రో దారిలో ఎక్కువ భాగం కట్టిన తీరేమిటి? యార్డులో పోతపోసిన కాంక్రీటు సెగ్మెంట్లను (ముక్కలను) తెచ్చి, రెండు పిల్లర్ల నడుమ లాంచింగ్ గర్డరు అనే ఉక్కు యంత్రానికి వేలాడదీసి, అంచులకు ఎపాక్సీ జిగురు పూసి, ఉక్కు కేబుళ్లు దూర్చి జాకీలతో బిగలాగడం. ఆ బిగువు వల్లనే విడివిడి ముక్కలు ఒక్క దూలమై రైలును మోస్తాయి. ఆ ధాతువుకు ఇంతకంటె మంచి ఉదాహరణ నాకు తోచడం లేదు.

కనుక వార్తల్లో వంతెన అనే రాయండి. పద్యంలో ఎవరైనా సేతువంటే నేను తప్పుపట్టను. వారధి అనీ అనవచ్చు, సముద్రమనే అర్థమున్న వారిధితో కలపకపోతే చాలు. ‘ఎలివేటెడ్ కారిడార్’ మాత్రం నాకు మింగుడుపడదు. కారిడార్ అంటే ఇంట్లో నడవా.

2017 నవంబరులో రైళ్లు మొదలయ్యాక కూడా నగరవాసులు దీనికి వేరే పేరేదీ పెట్టలేదు. ఇంటి గుర్తు అడిగితే పిల్లరు నంబరు చెబుతారు. దాన్ని ‘స్తంభ సంఖ్య’గా దిద్దబోయే విలేకరులూ, దయచేసి ఆ జోలికి పోకండి.