ఎస్‌పీఎఫ్ పాస్ అవుతున్నా మెయిల్స్ స్పామ్‌లోకే ఎందుకు పోతున్నాయి?

సొంతంగా పోస్ట్‌ఫిక్స్ మెయిల్ సర్వర్ పెట్టారు, ఎస్‌పీఎఫ్ రికార్డు (మీ డొమైన్ పేరుతో ఏ సర్వర్లు మెయిల్ పంపవచ్చో డీఎన్ఎస్‌లో చెప్పే జాబితా) కూడా ఉంది, అయినా జీమెయిల్‌లో స్పామ్‌లోకే పోతున్నాయి, ఐపీ మార్చాలా అని అడిగారు. ఐపీ జోలికి ఇప్పుడే వెళ్ళకండి. జీమెయిల్‌లో ఆ మెయిల్ తెరిచి 'షో ఒరిజినల్' నొక్కి, డీమార్క్ (మెయిల్ నిజంగా ఫ్రమ్‌లో కనబడే డొమైన్‌దేనా అని తేల్చే పరీక్ష) ఎదురుగా ఏముందో చూడండి. అది చూడకుండానే సర్వర్లు మార్చేసేవాళ్ళు బోలెడుమంది.

తెలిసినవాళ్ళ డిగ్రీ కాలేజీలో ఫీజు రసీదులు తల్లిదండ్రులకు అందేవి కావు. అసలే పరీక్ష ఫీజుల సమయం, కౌంటర్ దగ్గర రోజూ గొడవ, అకౌంట్స్ మేడమ్ ఒక్కో రసీదూ వాట్సాప్‌లో పంపుకుంటూ కూర్చునేవారు. సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్ళేమో "మా వైపు అంతా పాస్ అండీ" అని స్క్రీన్‌షాట్ పెట్టి టికెట్ మూసేశారు. హెడర్ తీసి చూస్తే నిజమే, ఎస్‌పీఎఫ్ పాస్, డీకిమ్ (మెయిల్‌కి డొమైన్ తరఫున పెట్టే డిజిటల్ సంతకం) పాస్, కానీ డీమార్క్ ఫెయిల్. ఎందుకంటే ఆ రెండూ పాసైంది అమ్మినవాళ్ళ డొమైన్ మీద! రిటర్న్ పాత్ (మెయిల్ చేరకపోతే తిరిగి వెళ్ళే అడ్రస్) వాళ్ళది, డీకిమ్ సంతకం వాళ్ళది, ఫ్రమ్‌లో మాత్రం కాలేజీ పేరు. ఎస్‌పీఎఫ్ చూసేది రిటర్న్ పాత్‌ని, మనకు కనబడే ఫ్రమ్‌ని కాదు. పాసైనవాటిలో ఒక్కటైనా ఫ్రమ్ డొమైన్‌తో కలిస్తేనే డీమార్క్ ఒప్పుకుంటుంది. కాలేజీ డొమైన్‌తోనే డీకిమ్ సంతకం చేయించి, పబ్లిక్ కీని డీఎన్ఎస్‌లో పెట్టించాక రసీదులు ఇన్‌బాక్స్‌లోకి రావడం మొదలైంది. ఈ మాత్రం పనికి అన్ని రోజులు జనాన్ని తిప్పారంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అందుకే నేను ఎస్‌పీఎఫ్ కన్నా డీకిమ్‌నే నమ్ముతాను. మెయిల్ ఫార్వర్డ్ అయితే ఎస్‌పీఎఫ్ సాధారణంగా ఫెయిలవుతుంది, డీకిమ్ సంతకం మాత్రం మధ్యలో ఎవరూ మెసేజ్‌ని మార్చనంతవరకు నిలబడుతుంది. పైగా ఎస్‌పీఎఫ్‌లో డీఎన్ఎస్ లుకప్పులు 10 దాటకూడదు. ప్రతి వెండరూ ఇచ్చిన ఇన్‌క్లూడ్‌ని (వాళ్ళ సర్వర్ల జాబితాని మన రికార్డులో కలిపే మాట) తగిలించుకుంటూ పోతే రికార్డు మొత్తం ఎర్రర్ కొడుతుంది.

పీటీఆర్ (ఐపీకి పేరేంటో చెప్పే రికార్డు) కూడా చూసుకోండి. ఐపీ నుంచి పేరు, ఆ పేరు నుంచి మళ్ళీ అదే ఐపీ రావాలి. అది సాధారణంగా మీ డీఎన్ఎస్ ప్యానెల్‌లో ఉండదు, సర్వర్ అద్దెకిచ్చినవాళ్ళ దగ్గర పెట్టించుకోవాలి. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్‌కి పంపే చిన్నవాళ్ళకైనా పీటీఆర్, టీఎల్ఎస్ (దారిలో మెయిల్‌ని ఎన్‌క్రిప్ట్ చేసే పద్ధతి) ఉండాల్సిందే, రోజుకు 5000 మెయిల్స్ పంపేవాళ్ళకైతే డీమార్క్ కూడా తప్పనిసరి.

డీమార్క్ పాలసీని 'నన్' (ఫెయిలైనా ఏమీ చేయొద్దు) దగ్గరే ఏళ్ళ తరబడి వదిలేయకండి. అలా వదిలేస్తే మీ పేరుతో ఎవడో దొంగ ఫీజు మెయిల్ పంపినా ఆపమని మీరు చెప్పనట్టే. మెయిల్ అందుకునే సర్వర్లు పంపే డీమార్క్ రిపోర్టుల్ని కొన్ని వారాలు చదవండి, మీవన్నీ పాసవుతున్నాయని తేలాక 'క్వారంటైన్'కి (స్పామ్‌లో వేయమని), ఆ తర్వాత 'రిజెక్ట్'కి (అసలు తీసుకోవద్దని) మార్చండి.