ఉత్తతిత్తి ఖాళీ సంచేనా?

సందేహం: ముప్పులో ఉన్న జీవాలను పోలుస్తూ వచ్చిన వ్యాసంలో 'కిరణ చేప', 'కలివికోడి' అన్న పేర్లు చూశాను. రెండూ 'అంతరించిపోయిన జీవాలు' అన్నారు. మొదటిది తెలుగు పేరేనా? రెండోది కోడి జాతిదా? (ఒక పాఠకుడు, నల్లకుంట, హైదరాబాదు)

సమాధానం: రాంనగర్ చేపల మార్కెట్టు మీకు దగ్గరే. ఆదివారం పొద్దున వెళ్లి, కొరమీనుకు బూడిద రాస్తున్నవాణ్ణి 'కిరణ చేప ఉందా' అని అడిగి చూడండి! ఇంగ్లీషులో వెలుగు రేకా 'రే'నే, ఈ చేపా 'రే'నే. మాటలు వేరు, పుట్టుకలు వేరు. నిఘంటువులో మొదటి అర్థం దగ్గరే ఆగిపోయిన అనువాదకుడు చేపకు వెలుగు పూశాడు. మన తీరంలో దాన్ని టేకు అంటారు, టెంకి అంటారు. విశాఖపట్నం చేపల మీద ప్యాట్రిక్ రస్సెల్ 1803లో అచ్చువేసిన పుస్తకంలో ఆ టెంకి ఉంది. అందులోంచే ఒక రకానికి 'మొబులా ఎరెగూడూ' అన్న శాస్త్రనామం వచ్చింది. మొన్నమొన్నటిదాకా 'ఎరెగూడూటెంకీ' అనేవారు. లోకమంతా తెలుగు మాటతో పిలుస్తుంటే మనకు కిరణం కావలసి వచ్చింది.

'అంతరించిపోయిన' అనడమూ తప్పే. ఈ టెంకి వలల్లో పడి తరిగిపోతోంది, కాన్పుకు పెట్టేది సాధారణంగా ఒక్క పిల్లనే. కలివికోడి అన్న పిట్టకు పొదలే కరవవుతున్నాయి. పోతున్నవాటిని పోయాయనకండి.

కలివికోడి కోడి కాదు, నీటికోడి మాత్రం కోడా? కలివి పొదల్లో తిరుగుతుంది కనుక ఆ పేరు. 1900 తర్వాత జాడ లేకుండా పోయి, 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికింది.

నా మనసంతా దాని రెండో పేరు మీదే. రస్సెల్ లాగే ఈస్టిండియా కంపెనీ కొలువులో వైద్యుడైన జెర్డాన్, తెలుగువాళ్లు దీన్ని 'అడవ ఉత తిత్తి' అంటారని రాసి, 'అడవి ఖాళీ సంచి' అని అర్థం చెప్పాడు. ఉత్త, తిత్తి. కొలిమితిత్తి, ఊపిరితిత్తి, నీళ్లు మోసే తోలుతిత్తి: గాలో నీరో పట్టేది తిత్తి. వ్యాకరణం అడ్డురాదు. కానీ పిట్టకు ఖాళీ సంచి పేరేమిటి? వేటగాడికి చిక్కక సంచి ఉత్తదే మిగిలిందా? కథ మరీ బాగుంది, అందుకే నమ్మబుద్ధి కాదు. దీనికి దూరపు చుట్టం తీతువు, సంస్కృతంలో టిట్టిభం. రెండూ కూతను బట్టి పుట్టిన పేర్లే. ఈ తిత్తి కూడా అలాంటి కూతేనేమో, దొరగారు అర్థం అడిగితే చెప్పినవాడు అప్పటికప్పుడు సంచి అల్లాడేమో. రుజువు చూపమంటే నా తిత్తీ ఉత్తదే.

ప్రస్తుతానికి కలివికోడి అనే రాయండి. ఎవరైనా ఉత్తతిత్తి అని రాస్తే మాత్రం దిద్దకండి.