డి డ్రైవ్‌లో పెడితే చాలా?

ప్రశ్న: మాది తెనాలిలో డీటీపీ షాపు. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో సపోర్టు ఆగింది కదా, 11 కొత్తగా వేద్దామనుకుంటున్నాను. డిస్కంతా ఒకటే సి డ్రైవ్. దాన్ని విడగొట్టి ఫైళ్లు డిలో పెడితే చాలాండీ?

జవాబు: చాలదమ్మా. డి కూడా అదే డిస్కులో ముక్క. డిస్కు పోతే రెండూ పోతాయి. ముందు బయటి హార్డ్ డిస్కులోకి కాపీ చేయండి. డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్ మామూలుగా సిలోనే ఉంటాయి, చాలామంది వీటినే వదిలేస్తారు. మీ పనికి ప్రాణం ఫాంట్లు. అవి లేకుంటే పాత పెళ్లికార్డుల ఫైళ్లు తెరుచుకున్నా తెలుగు అక్షరాలు చెదిరిపోతాయి. నాలుగైదు ఫైళ్లు వేరే కంప్యూటర్లో తెరిచి చూశాకే విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సిని ష్రింక్ చేయండి, అంటే దాని సైజు తగ్గించండి. బిట్‌లాకర్ (డిస్కుకి విండోస్ వేసే తాళం) ఉంటే దాని 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు బయటి డిస్కు తప్పకుండా పీకేయండి. అక్కడ సి, డి అని పేర్లుండవు, పార్టిషన్ (డిస్కు ముక్క) నంబర్లే కనిపిస్తాయి, పొరపాటున దాన్నే చెరిపేసే ప్రమాదం ఉంది.